రెండిళ్ళకీ ఒకటే పైపు

మంగళవారం వచ్చిందంటే ఇల్డా పొద్దున్నే తయారయ్యేది. జుట్టు దువ్వుకుని, చెవులకి చిన్న బంగారు రింగులు పెట్టుకుని, ఉతికిన ఏప్రన్ కట్టుకుని, కాఫీ కప్పు పట్టుకుని బేస్‌మెంట్ మెట్లు దిగేది. ఎవరైనా చూస్తే చర్చికి బయల్దేరిందనుకునేవారు. చూసేవాళ్ళే లేరు. కిందకి దిగి, నేల మధ్యనున్న తూము మూత తీసి పక్కన పెట్టి, ముక్కాలిపీట లాక్కుని గోడవార కూర్చునేది.

ఆ గోడకి అవతల ఎర్మీనియో ఇల్లు. వేరే ఇల్లని పేరుకే. ఒక్క ఇటుకల కట్టడాన్ని నిలువునా కోసి ఇద్దరికి అమ్మినట్టుంటుంది ఆ వీధిలో ప్రతి ఇల్లూ. గోడ ఒకటే, పైకప్పు ఒకటే, ముందు వరండా ఒకటే, దాని మధ్యలో నడుమెత్తు కటకటాలు. పైకి కనబడనిది ఇంకొకటుంది. మురుగు పైపు కూడా ఒకటే. రెండిళ్ళ నీళ్ళూ గోడ కింద ఎక్కడో కలిసి, ముందున్న గడ్డి కిందుగా, మున్సిపాలిటీ వాళ్ళ మేపుల్ చెట్టు కిందుగా వీధి పైపులోకి పోతాయి. పోవాలి మరి. పోనప్పుడు ఇల్డా బేస్‌మెంట్‌లోకి తన్నుకొస్తాయి, ఎందుకంటే ఆవిడ నేల అతని నేల కన్నా పల్లం.

కాసేపటికి గోడ మీద రెండు దెబ్బలు వినబడేవి. టక్, టక్. బట్టల మిషను వేస్తున్నాను, నీళ్ళు వదలనా అని అర్థం. ఇల్డా తూములోకి వంగి చూసి, చీపురుకర్రతో గోడని ఒక్కసారి కొట్టేది. వదులు అని. ఆ నీళ్ళు కింద గుడగుడమంటూ పోతుంటే కళ్ళార్పకుండా చూసేది. పొంగి తూము అంచు దాకా వచ్చాయా, కర్రతో దబదబా బాదేది. అవతల మిషను ఠక్కున ఆగిపోయేది. నీళ్ళు తగ్గాక మళ్ళీ ఒక దెబ్బ, మళ్ళీ మిషను. ఇదంతా ముగిసేసరికి కాఫీ ఎప్పుడో చల్లారిపోయేది. ఆఖర్న అవతల నుంచి మెల్లగా ఒక్క దెబ్బ పడేది. దానికి అర్థమేమిటో ఇద్దరూ ఎప్పుడూ అనుకున్నది కాదు. పని అయిపోయిందని కావచ్చు. ఇల్డా మాత్రం దాన్ని "ఉంటాను మరి" అని వినేది. తనూ ఒక దెబ్బ కొట్టి పైకి వచ్చేది.

వారం మొత్తంలో ఆవిడతో ఎవరైనా మాట్లాడారంటే ఆ దెబ్బలే. భర్త సెరఫీం పోయాడు. పిల్లలు పుట్టలేదు. రాత్రిళ్ళు బ్యాంకు మేడల్లో నేలలు తుడిచిన రోజుల్లో తోడున్న ఆడవాళ్ళు కొందరు పోయారు, మిగిలినవాళ్ళు ఎక్కడెక్కడికో చెదిరిపోయారు. రొట్టెల కొట్లో పిల్ల "ఇంకేమైనా కావాలా?" అంటుంది, "వద్దు" అనాలి, అంతటితో ఆ మాటలు సరి. ఒంటరితనం అలవాటైపోతుందని చెప్పేవాళ్ళెవరో గానీ, వాళ్ళెప్పుడూ ఒక్కరే కూర్చుని సూపు తాగి ఉండరు. ఇల్డాకి అలవాటు కాలేదు. సోమవారం సాయంత్రానికే మర్నాటి ఏప్రన్ ఇస్త్రీ చేసుకుని కుర్చీ మీద వేలాడదీసుకునేది.

గోడలు కొట్టుకోవడమెందుకు, కటకటాల దగ్గరికొచ్చి నోటితో మాట్లాడుకోవచ్చు కదా అంటే, అదే వచ్చిన చిక్కు.

ఎర్మీనియో పరాయివాడేం కాదు. ఇద్దరిదీ ఒకే దీవి, అట్లాంటిక్ నడిమధ్యన ఒకే ఊరు. ముందూ వెనకగా ఈ చలిదేశం వచ్చి, కావాలని పక్కపక్కన ఇళ్ళు కొనుక్కున్నారు. అతని కూతురు నతాలియాకి చర్చిలో జ్ఞానస్నానం చేయించిన రోజున బిడ్డని చేతుల్లో పట్టుకుని నిలబడ్డది ఇల్డాయే. అప్పటినుంచి ఆవిడ ఆ పిల్లకి మద్రీనా, దేవుడి ఎదుట తల్లి. పిల్లని కన్నవాళ్ళకి కొమాద్రె. ఆవిడకి ఎర్మీనియో కొంపాద్రె. ఆ దీవి వాళ్ళకి ఆ చుట్టరికం తోడబుట్టిన వరస కన్నా ఎక్కువ. అంత గట్టి చుట్టరికమూ ఒక్క పూటలో తెగింది.

ఆ ఏడు పరిశుద్ధాత్మ పండుగ చీట్లలో ఇల్డా పేరు వచ్చింది. ఎన్నేళ్ళుగానో ఎదురుచూసిన చీటీ అది. వెండి కిరీటం వారం పాటు ఆవిడ ఇంట్లో ఉంటుంది, సాయంత్రాలు జనం వచ్చి జపమాల చెప్పుకుంటారు, ఆఖరి రోజున అందరికీ భోజనం. బేస్‌మెంట్‌లో బల్లలు వేసి, తెల్ల దుప్పట్లు పరిచి, అక్కడున్న రెండో పొయ్యి మీద గుండిగల్లో మాంసం పులుసు కాచి, రొట్టె ముక్కల మీద పుదీనా వేసి పోయడానికి సిద్ధంగా ఉంచింది. ఆ భోజనానికి వైను ఎర్మీనియోది. తన పీపాల్లోదంతా సీసాలకెత్తి "ఇది నా వంతు, కొమాద్రె" అని ముందురోజే పంపించాడు. జనం వచ్చి కూర్చున్నారు. చెంచాలు ఎత్తబోతున్నారు. అప్పుడు నేలలోని తూము గుడగుడమని, ఎర్రటి నీళ్ళు బుడబుడా పైకి తన్నుకొచ్చాయి. వైను మడ్డి, సబ్బు నురగ, ఇంకా ఏవేవో కలిసిన మురుగు. దుప్పట్ల అంచులు తడిశాయి. ఆడవాళ్ళు చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లెక్కారు. పెద్దాయన ఒకాయన కిరీటం ఎత్తి గుండెకి హత్తుకుని పరిగెత్తాడు.

అవతల ఎర్మీనియో ఖాళీ పీపాలు కడుగుతున్నాడు. ఏం జరిగిందోనని తడి చేతులతోనే పరిగెత్తుకొచ్చాడు. ఇల్డాకి ఒళ్ళు తెలియలేదు.

"ద్రాక్ష తొక్కలన్నీ కాలవలో పోసేశావా? బుద్ధుందా నీకు? ఇవాళే దొరికిందా?"

"తొక్కలు నేను పెరట్లో పూడుస్తాను, నీకు తెలీదా? ఇది పీపా కడిగిన నీళ్ళే. బయట ఆ చెట్టు వేళ్ళేవో పైపులో అడ్డం పడుంటాయి, నేను చూస్తాలే, నువ్వు కంగారుపడకు..."

"చెట్టు మీద పెడతావా? మొద్దు మనిషివి! లూర్ద్స్ బతికుండగా నిన్ను ఎలా భరించిందో! నీ మూలానే త్వరగా పోయి సుఖపడింది!"

లూర్ద్స్ అతని భార్య. పోయి అప్పటికి ఏడాది తిరగలేదు. మెట్ల మీద నిలబడ్డ జనం అంతా విన్నారు. ఎర్మీనియో టోపీ సర్దుకుని, చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. అంతే.

తర్వాత ప్లంబరు వచ్చి, ఇనప స్ప్రింగు దూర్చి తిప్పితే పైపులోంచి గుప్పెళ్ళకి గుప్పెళ్ళు వేళ్ళు వచ్చాయి. ఒక్క ద్రాక్ష తొక్క లేదు. ఇల్డా కళ్ళారా చూసింది. తప్పు తనదేనని ఆ క్షణమే తెలిసింది. తెలిస్తే మాత్రం, అంతమందిలో అన్న మాటని ఏ మొహం పెట్టుకుని వెనక్కి తీసుకుంటుంది? ఇవాళ కాదు రేపు అనుకుంది. రేపు కాదు క్రిస్మస్‌కి అనుకుంది. ఏళ్ళు గడిచాయి. ప్లంబరు కోసినప్పుడల్లా కొన్నాళ్ళు నీళ్ళు పోయేవి, వేళ్ళు మళ్ళీ పెరిగేవి. మళ్ళీ ఒకసారి పొంగినప్పుడు ఆపరా బాబూ అని చీపురుకర్రతో గోడ బాదింది. పై మంగళవారం అవతల నుంచి రెండు దెబ్బలు వినబడ్డాయి. అలా మొదలైంది ఈ గోడ భాష. వేళ్ళ పుణ్యమా అని బతుకుతున్నానని ఇల్డాకి తెలుసు. ఆ చెట్టు కింద నుంచి నడిచేటప్పుడు ఎవరూ చూడకుండా దాని మానుని ఒకసారి తట్టేది కూడా.

మేపుల్ ఆకులు ఎర్రబడుతున్న రోజుల్లో నతాలియా తలుపు తట్టింది. తండ్రి మాట్లాడకపోయినా ఆ పిల్ల మద్రీనాని వదల్లేదు. ఊరి అవతలి కొసన ఆసుపత్రిలో పని, ఇద్దరు పిల్లలు, రావడం మాత్రం ఎప్పుడో గాని కుదరదు.

"మద్రీనా, ఆశీర్వాదం" అంటూ చెంపలకి ముద్దులు పెట్టి, కుర్చీలో కూలబడింది. "మంచి కబురు తెచ్చాను. మీ ఇద్దరి గోడ యుద్ధం అయిపోయింది."

"ఏ యుద్ధం?" ఇల్డా మొహంలో రంగు మారింది.

"ఏ యుద్ధమేంటి? జైల్లో ఖైదీల్లాగా అటొకరు ఇటొకరు టకటకా కొట్టుకుంటున్నారు కదా! ఇక ఆ పని లేదు. చెట్టు మున్సిపాలిటీది. దాని వేళ్ళు మన పైపుని నాశనం చేశాయి. అలాంటి ఇళ్ళకి పైపు మార్చుకోడానికి మున్సిపాలిటీ వాళ్ళే గ్రాంటు ఇస్తున్నారు. ఖర్చులో చాలా భాగం వాళ్ళదే. మిగిలింది నేను చూసుకుంటా, మీరు పర్సు తియ్యొద్దు."

"ఊరికే ఎవరిస్తారే? ఏదో మెలిక ఉంటుంది."

"మెలిక ఉంది. ఉమ్మడి పైపు కాబట్టి రెండిళ్ళవాళ్ళూ కలిసి అడగాలి. నాన్న సంతకం పెట్టేశాడు. ఇదిగో, ఇక్కడ మీరు పెట్టండి. ఎవరి పైపు వాళ్ళకి వేరేగా వేస్తారు. ప్లాస్టిక్ పైపు, అతుకులుండవు, వేరు దూరడానికి సందుండదు. నాన్న నీళ్ళు ఇక మీ గడప తొక్కవు."

ఇల్డా ఆ కాగితం వైపు చూడలేదు. ఎర్మీనియో సంతకం పెట్టేశాడన్న మాట దగ్గరే మనసు ఆగిపోయింది. అతనికి ఈ బెడద వదిలించుకోవాలనే ఉందన్నమాట. ఉండదా మరి. బట్టలుతుక్కోడానికి ఒక ముసలిదాన్ని అడుక్కోవాల్సిన ఖర్మ ఎవరికి కావాలి?

"కళ్ళజోడు ఎక్కడ పెట్టానో కనబడటం లేదు" అంది.

"మీ నెత్తి మీదే ఉంది."

"అది దూరం చూసేది." లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళి, మరగని నీళ్ళని కలిపింది. "చెట్టు కొట్టేస్తారేమో?"

"చెట్టు జోలికి పోరు. దాని కోసమే కదా ఇంత బాధ పడుతున్నది వాళ్ళు."

"నా గులాబీ మొక్క?"

"చలికాలం వస్తుంటే గులాబీ ఏంటి మద్రీనా! తీసి మళ్ళీ నాటిస్తా. నేల గడ్డకట్టక ముందే తవ్వాలట. తొందరగా చెప్పండి."

"ఆలోచించుకుంటా. ఆడది ఒక్కత్తీ ఉన్న ఇల్లు. ఎవరో వచ్చి ఇంటి ముందు తవ్వుతామంటే సరేననడానికి లేదు."

నతాలియా ముద్దులు పెట్టి, కాగితాన్ని పళ్ళ గిన్నె కింద పెట్టి వెళ్ళిపోయింది. ఇల్డా ఆ గిన్నెలో పళ్ళు అయిపోయినా కొత్తవి వేస్తూ, గిన్నె కదలకుండా చూసుకుంది. మంగళవారాలు వచ్చాయి. రెండు దెబ్బలు, ఒక దెబ్బ, గుడగుడ, ఆఖర్న ఆ మెల్లని దెబ్బ. నతాలియా ఫోను చేస్తే మోకాళ్ళ నొప్పన్నది ఒకసారి, పాదిరీ గారిని అడగాలన్నది ఇంకోసారి. సిగ్గు లేదా అని తనని తానే తిట్టుకుంది. ఉంది, కానీ సిగ్గు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడదు కదా, గోడ మాట్లాడుతుంది.

తొలి మంచు పొర నేల మీద పడిన వారం నతాలియా ఫోను చెయ్యకుండానే వచ్చింది. ఈసారి ముద్దులు లేవు. కోటు విప్పలేదు.

"నాన్న పడ్డాడు."

ఇల్డా చేతిలో గుడ్డ జారిపోయింది. "ఎక్కడ? ఎప్పుడు? నాకేం వినబడలేదే!"

"పెరట్లో, మంచు మీద. చీలమండ బెణికి బూరెలా వాచింది. విరగలేదు, అదే నయం. తొట్టి పట్టుకుని వెళ్తూ పడ్డాడు."

"ఈ చలిలో తొట్టి ఎందుకు?"

"స్నానం నీళ్ళు పారబొయ్యడానికి! మీకు తెలీదా?" అంది నతాలియా. "స్నానం నీళ్ళు, గిన్నెలు కడిగిన నీళ్ళు, అన్నీ తొట్టిలో పట్టి పెరట్లో పోస్తాడు. మీ ఇంట్లోకి వస్తాయని. ఇన్నేళ్ళ నుంచీ ఇంతే. ముసలాడు నిండు తొట్టి మోసుకుంటూ మెట్లు దిగడం చూస్తే నా ప్రాణం పోతుంది. కాలవలోకి ఆ బట్టల నీళ్ళొక్కటీ వదుల్తాడు, మంగళవారం. అవి కూడా మా ఇంటికి పట్టుకుపోయి ఉతుకుతా నాన్నా అంటే ఒప్పుకోడు. మంగళవారం నాకు పనుంది అంటాడు. ఏం పనో! నేను అరిచి గోల చేస్తేనే ఆ కాగితం మీద సంతకం పెట్టాడు. మీరూ ఇలా చేస్తే నేనేం చెయ్యను మద్రీనా?"

ఇల్డాకి సగం మాటలు వినబడలేదు. తొట్టి దగ్గరే చెవులు మూసుకుపోయాయి. మంగళవారం తప్ప మిగిలిన ఆరు రోజులూ ఒక్క చుక్కయినా ఎందుకు పొంగేది కాదో ఎన్నడూ అడగలేదు. చెట్టు దయ అనుకుంది. ఆ మనిషి తొట్లు మోస్తుంటే తను రింగులు పెట్టుకుని కూర్చుంది. పళ్ళ గిన్నె ఎత్తి, కాగితం లాగి, నెత్తి మీది కళ్ళజోడు దించుకుని సంతకం పెట్టింది. పేరులోని అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి.

"పట్టుకుపో. త్వరగా తవ్వించు."

నతాలియా వెళ్ళాక గోడ దగ్గరికి వెళ్ళి అరచెయ్యి ఆనించి నిలబడింది. ఇటుక చల్లగా ఉంది. ఎలా ఉందని అడగడానికి గోడ భాషలో దెబ్బ లేదు.

పనివాళ్ళు వచ్చారు. గడ్డి చెక్కి, రెండిళ్ళ ముందూ కలిపి ఒకటే గొయ్యి తవ్వారు. ఇల్డా వరండాలో తన వైపు నిలబడింది. ఎర్మీనియో ఊతకర్ర పట్టుకుని తన వైపు నిలబడ్డాడు. మధ్యన కటకటాలు. ఇద్దరూ గోతిలోకే చూస్తున్నారు. చాలా రోజుల తర్వాత ఆవిడ అతన్ని అంత దగ్గరగా చూసింది. మెడ సన్నబడిపోయింది. కోటుకి ఒక గుండీ వేరే రంగు దారంతో కుట్టుకున్నాడు. ఆ దారం చూస్తే ఇల్డాకి ఏడుపొచ్చింది.

పాత మట్టి పైపు పగలగొట్టి లాగితే లోపలి నుంచి వేళ్ళ మోపు ఊడి వచ్చింది. పైపు ఎంత లావో అంత లావు, మనిషి పొడుగు, సన్నటి గోధుమ రంగు వేళ్ళు జడలా అల్లుకుపోయి ఉన్నాయి. పనివాడు దాన్ని గడ్డి మీద పరిచాడు. మున్సిపాలిటీ నుంచి వచ్చినామె వంగి ఒక వేరు తుంచి, గోటితో గీరి చూసి, మేపుల్‌దే అని తల ఊపి ఫోటో తీసుకుంది. వీధిలో ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చూసి వెళ్ళారు. ఆ పండుగ రోజున మెట్ల మీద చెప్పులు పట్టుకుని నిలబడ్డవాళ్ళలో ఒకరిద్దరు వాళ్ళలో ఉన్నారు.

"అయ్యబాబోయ్" అన్నాడు మేస్త్రీ, నడుం మీద చేతులు పెట్టుకుని. "ఇంత పెట్టుకుని రెండు సంసారాలు ఒక్క పైపుతో ఎలా నెట్టుకొచ్చారండీ?"

ఇల్డా వేళ్ళ మోపు వైపు చూసింది.

"చూసుకుంటూ వదిలేవాళ్ళం" అన్నాడు ఎర్మీనియో, మేస్త్రీతోనే.

అదీ అతని గొంతు. కాస్త బొంగురుపోయింది, అంతే తేడా. ఇప్పుడు చెప్పాలి. చెట్టేనయ్యా, నువ్వన్నదే నిజం, ఆ రోజు నా నోరు పడిపోతే బాగుండేది అని చెప్పాలి. వేళ్ళు ఎదురుగా పడి ఉన్నాయి, విన్నవాళ్ళు ఎదురుగా ఉన్నారు, ఇంతకన్నా మంచి సమయం రాదు. ఇల్డా నోరు తెరిచింది.

"ఆ మట్టి నా మెట్ల మీద పడకుండా చూడు!" అంది మేస్త్రీతో.

ఎర్మీనియో కర్ర చప్పుడు చేసుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు. ఇల్డా తన తలుపేసుకుని, ఆ తలుపుకే తల కొట్టుకుంది. సాయంత్రానికల్లా నీలం పైపులు రెండు, పక్కపక్కనే, ఎక్కడా కలవకుండా పడ్డాయి. మట్టి పూడ్చి, పైన గడ్డి చాపలు పరిచి వెళ్ళిపోయారు.

మంగళవారం వచ్చింది. ఇల్డా రింగులు పెట్టుకుంది, తీసేసింది, మళ్ళీ పెట్టుకుంది. కిందకి దిగి, ముక్కాలిపీట మీద కూర్చుని చెవులు రిక్కించింది. అవతల మిషను మొదలైన చప్పుడు సన్నగా వినబడింది. దెబ్బలు లేవు. ఎందుకుంటాయి? తూములో ఒక్క గుడగుడ లేదు. నల్లగా, పొడిగా ఉంది. మిషను తిరిగింది, ఆగింది. ఆఖరి దెబ్బయినా పడుతుందేమోనని చాలాసేపు కూర్చుంది. పడలేదు. తూము మూత పెట్టేసి పైకొచ్చి, రోజంతా రేడియో పెట్టుకుంది. రేడియోలో మనుషులు ఎంత మాట్లాడినా ఇటు చెప్పేది వినరు.

ఇంకో మంగళవారం అలాగే గడిచింది. తర్వాతిది కూడా. మంచు కిటికీ అంచుల దాకా పేరుకుంది. పారతో ఎవరో తన మెట్లు కూడా శుభ్రం చేసి పోతున్నారు, చప్పుడు విని తలుపు తెరిచేసరికి ఉండరు. ఇల్డా ఏప్రన్ ఇస్త్రీ చెయ్యడం మానేసింది. ఇంటి చుట్టూ నిశ్శబ్దం దుప్పటి కప్పినట్టుంది. తను పోయినా ఎవరికీ తెలియదని మొదటిసారి అనిపించింది. ఇదివరకైతే రెండు దెబ్బలకి జవాబు రాకపోతే అవతలివాడు నీళ్ళు వదలకుండా ఆగేవాడు, ఏమైందా అని చూసేవాడు. ఇప్పుడు అతని నీళ్ళకి ఆవిడ అక్కర్లేదు.

ఒక మంగళవారం పొద్దున్న మిషను మోత మొదలయ్యే వేళకి కిందే ఉంది, బూజు దులిపే నెపంతో. చీపురుకర్ర చేతిలో ఉంది. మంగళవారం నాకు పనుంది అంటాడు, ఏం పనో అన్న నతాలియా మాట అప్పుడు, అన్ని రోజుల తర్వాత, చెవిలో పడింది. ఏం పని? బట్టలుతుక్కోవడం ఒక పనా? కూతురు ఉతికిపెడతానంటే కాదనేంత పనా?

ఇల్డా, ఏం చేస్తున్నానో ఆలోచించుకునే లోపే కర్ర ఎత్తి గోడని బాదింది. దబదబా, దబదబా, నీళ్ళు పొంగుతున్నప్పుడు బాదినట్టు, ఆగకుండా బాదింది. గోడ మీది సున్నం పెచ్చులు రాలాయి.

మిషను ఠక్కున ఆగింది.

తర్వాత ఏ చప్పుడూ లేదు. కర్ర పట్టుకుని, ఎంత పిచ్చి పని చేశానా అని బిక్కచచ్చిపోయి నిలబడింది. అంతలో పైన వీధి తలుపు మీద దబదబా చప్పుడు. పరిగెత్తి తీసింది. ఎర్మీనియో. కోటు లేదు, బనీను మీదే వచ్చేశాడు. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. ఒక చేతిలో బకెట్టు, ఒక చేతిలో టార్చి. కటకటాల మీంచే దాటినట్టున్నాడు, ప్యాంటుకి మంచు అంటుకుని ఉంది. ఊతకర్ర ఎక్కడో పడేసొచ్చాడు.

"ఎంత దాకా వచ్చాయి?" అన్నాడు రొప్పుతూ. జవాబు కోసం ఆగకుండా, గోడ పట్టుకుని కుంటుకుంటూ మెట్లు దిగాడు.

ఇల్డా వెనకే దిగింది. ఎర్మీనియో నేల మధ్యన ఆగి టార్చి వేశాడు. సిమెంటు నేల ఎండిపోయి ఉంది. పొయ్యి కింద చూశాడు, బల్ల కింద చూశాడు. మెల్లగా ఒంగి అరచెయ్యి నేలకి ఆనించి, వేళ్ళు చూసుకున్నాడు. దుమ్ము అంటింది. తూము మూత తీసి లోపలికి వెలుగు కొట్టాడు. చాలాసేపు అలా ఒంగి చూస్తూనే ఉన్నాడు. ఇల్డా చీపురుకర్రని రెండు చేతులా పట్టుకుని, ఇంక అతను అనబోయే మాట కోసం చూసింది. పిచ్చిదానా అంటాడు. అనడానికి హక్కుంది. అందరి ముందూ తనన్న మాట కన్నా అదేం పెద్దది కాదు.

ఎర్మీనియో నడుం పట్టుకుని లేచాడు. టార్చి ఆర్పాడు. పొడి నేలంతా ఒకసారి, ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు.

"చాలా వచ్చేశాయి కొమాద్రె" అన్నాడు.

ఇల్డా కూడా ఆ పొడి నేల వైపు చూసింది.

"వచ్చాయి కొంపాద్రె" అంది. "బల్ల దాకా వచ్చాయి."

అతను బకెట్టు బోర్లించి, గోడవార దాని మీద కూర్చున్నాడు. బూట్ల కాళ్ళు చాపుకున్నాడు. "ఇలా వదిలి వెళ్ళడానికి లేదు. తగ్గేదాకా ఉండి చూడాలి."

ఇల్డా కర్రని మూలన ఆనించి, పొయ్యి మీద కాఫీకి నీళ్ళు పెట్టింది.

"ఇవాళకి తగ్గేలా లేవు" అంది.